వీపు మీద బొట్టు

కార్తీక శుద్ధ పంచమి

పేర్లు రాసే వారం మొదలైంది. పొద్దుటి గంట కొట్టకముందే మందుల గది ముందు వరస కట్టారు. ప్రతి ఏడూ ఇదే తంతు. డిస్కును అంచులు పట్టుకుని తీసుకురండి, చెమట చేతులతో తుడవకండి, మెరిసే ముఖం మీద వేలు పెట్టకండి అని నా నోరు నొప్పెట్టేదాకా చెబుతాను. విన్నట్టే తలూపుతారు. అటు తిరిగి, పళ్ళెంలో అప్పడం పెట్టి తెచ్చినట్టు తెస్తారు.

నా సిరా నేనే చేసుకుంటాను. దీపం మసి, పల్చటి గంజి, కాచి చల్లార్చిన నీళ్ళు, అంతే. కలానికి మొన ఉండదు, పుల్లకు చుట్టిన దూది ఉంటుంది. డిస్కు నడిమి చిల్లు చుట్టూ గాజులాంటి వలయం ఒకటి ఉంది, అందులోంచి అవతలి వస్తువు కనిపిస్తుంది. లోపలి రాత ఆ వలయం దాకా రాదు. కాబట్టి పేరు అందులోనే రాస్తాను, చీమ తలకాయలంత అక్షరాలతో. ఈ సిరా ఏడాదికే చెరిగిపోతుందని ఊరంతా సణుగుతుంది. చెరిగితే మళ్ళీ రాస్తాను, నాకేం పని లేదు గనక. చెరగని సిరాల్లో ఏ ఘాటు ఉంటుందో, అది పూతలోంచి ఎంత లోపలికి దిగుతుందో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఒక మనిషి ప్రాణం ఖర్చు పెట్టలేను.

గురవయ్య సంగతి వరసలో ఉన్నవాళ్ళకి మళ్ళీ చెప్పాను. అందంగా ఉంటుందని తన పేరు కాగితం మీద రాసి జిగురుతో డిస్కుకి అంటించాడు. మందు కలిపే పెట్టెలో అది వంకరగా తిరిగి కొట్టుకుంది. కాగితం పీకేసరికి దానితోపాటు మెరుపు పూత కూడా ఊడి వచ్చింది. పెట్టె ఇక చదవలేదు, మందు పోయలేదు. రెండో పున్నమి దాటకముందే గురవయ్య శవాన్ని ఊరి గేటు అవతలికి మోశారు. ఈ సంగతి చెబుతుంటే జనం పెళ్ళిలో మంత్రాలు విన్నట్టు విన్నారు.

పన్నెండేళ్ళు నిండిన ప్రతి మనిషికీ గని అడుగున ఉన్న ఈ అడుగూరులో ఒక డిస్కు ఉంది. ఆ మనిషి ఊపిరితిత్తులకు ఏది ఎంత కావాలో అందులో ఉంటుంది. పున్నమికి పున్నమికి ఇమాంబీ దాన్ని పెట్టెలో పెడితే, పెట్టె చదివి పచ్చదీపం వెలిగించి మందు కలిపి పోస్తుంది. ఒకరి మందు ఇంకొకరు తాగితే నెత్తురు కక్కుకుంటారు. మందు లేకపోతే రాతిదగ్గు. డిస్కులు రాసే బండి పై నేల మీదుగా ఒకప్పుడు వచ్చేది. చివరిసారి వచ్చినప్పుడు ఉయ్యాలలో పిల్లలకు కూడా రాసిపోయింది, అప్పటికి నా జుట్టు నల్లగా ఉంది.

ఊరి పెద్ద అంజయ్య భార్య కోటమ్మ ఇంటిల్లిపాది డిస్కులూ తీసుకుని వచ్చింది. చేతిలో కుంకుమ భరిణె సరేసరి. పైనుంచి తెచ్చుకున్న కుంకుమ అయిపోయి ఊళ్ళో ఆడవాళ్ళంతా దిగులు పడితే, దీపాల వెలుగులో పెంచే మడిలో పండిన పసుపుని ఈ సున్నపురాతి గని సున్నంతో నూరి ఎర్రగా తెప్పించింది ఆమే. అప్పటి నుంచి ఊరంతటికీ ఆమె కుంకుమే.

“పెట్టుకో నాంచారొదినా, కార్తీక మాసంలో కూడా బోడి నుదురేంది?”

“నాకు పూజలు పట్టవని తెలుసుగా.”

“నీకు పట్టకపోతే మానె. అమ్మవారికి నువ్వు పట్టవా ఏంది?” అని నవ్వి, నా బల్ల మీద చిటికెడు పెట్టి పోయింది.

ఒకటి మెచ్చుకోవాలి. ఈసారి డిస్కులన్నీ శుభ్రంగా వచ్చాయి. ఒక్క మరక లేదు. నా తిట్లకు ఇన్నేళ్ళకు ఫలితం కనిపించింది.

కార్తీక పున్నమి

మందు రోజు. రాయబుద్ధి కావడం లేదు. కాని గదిలో జరిగిందంతా రోజూ రాసి తీరాలని ఇమాంబీ పట్టు. నాకంటే పదేళ్ళు చిన్నది, నా మీద పెత్తనం మాత్రం అత్తగారిదే. డిస్కుని చదివే పెట్టె కన్ను తుడవడం, చక్రాలకు నూనె వేయడం ఊళ్ళో ఆమెకు తప్ప ఎవరికీ రాదు.

వరసలో ముందు పూర్ణ నిలబడింది. అంజయ్యకూ కోటమ్మకూ ఒక్కగానొక్క కూతురు. మగ్గాల దగ్గర పని, ఆ చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ గొంతు పెద్దదయింది. ఇమాంబీ డిస్కు పెట్టింది. పెట్టె గిర్రున తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. ఎర్రదీపం.

“తడేమన్నా ఉందేమో, ఆగు పూర్ణా” అంటూ ఇమాంబీ మెత్తటి గుడ్డతో నడుమ నుంచి అంచుకి తుడిచి మళ్ళీ పెట్టింది. ఎర్రదీపం. పెట్టె కన్ను తుడిచి పెట్టింది. ఎర్రదీపమే.

“పోయిన పున్నమికి చదివిందిగా పిన్నీ” అంది పూర్ణ. ఆ పెద్ద గొంతు అప్పుడే సగమయింది.

కోటమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. కూతురి డిస్కు రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకుని ఇమాంబీకి ఇచ్చింది. ఇమాంబీ మళ్ళీ పెట్టింది. ఆ తర్వాత పంపుల దగ్గర పనిచేసే ముసలాయన డిస్కు, మగ్గాల దగ్గరి ఇంకొక పిల్ల డిస్కు కూడా పోయాయి. రోజు ముగిసినా ఇమాంబీ పెట్టె కన్ను తుడుస్తూనే ఉంది. నేను ఆమె మీద కేకలేశాను. భయం వేస్తే నాకు వచ్చే విద్య అదొక్కటే.

కార్తీక బహుళ చవితి

అంజయ్య పెద్ద గదిలో ఊరిని చేర్చాడు. మొదటి అనుమానం నా మీదే.

“సిరా మార్చావా నాంచారమ్మా?”

“మార్చలా.”

“మరి పేర్లు రాసినాకే గదా పోయినయ్యి?”

నాకు ఒళ్ళు మండింది. సిరా గిన్నె ఎత్తి అందరి ముందూ గటగటా తాగాను. మూతి నల్లగా చేసుకుని, “పొట్టలోకి పోతే ఏం కాంది డిస్కుని ఏం చేసిద్దయ్యా? అయినా నేను రాసేది గాజు వలయంలో. అక్కడ పాడయ్యేదానికి ఏముంది?” అన్నాను. కొందరు నవ్వారు. అంజయ్య నవ్వలేదు. పాపం ఆ మనిషి నవ్వే స్థితిలో లేడు.

అప్పుడు వెనకనుంచి ఎవరో అడిగారు. “పడమటి వీధిలో ఒక్కటీ పోలేదేం?”

పడమటి వీధిలో ఉండేది ఇమాంబీ వాళ్ళూ, చర్చి గదికి వెళ్ళేవాళ్ళూ. ఒక్కసారిగా గది చల్లబడినట్టయింది. అందరూ ఇమాంబీ వైపు తిరిగారు. నా డిస్కూ బాగానే ఉందని అరిచాను. నువ్వూ ఆమె మనిషివేగా అన్నారు. పాతికేళ్ళు వాళ్ళ ప్రాణాలు ఆమె చేతుల్లో పెట్టి నిద్రపోయిన జనం ఒక్క పూటలో ఆమెను అలా చూశారు.

డిస్కులకు దిష్టి తగిలిందని కోటమ్మ అంది. మార్గశిరంలో ప్రతి లక్ష్మివారం ఇంటింటా డిస్కులు పీట మీద పెట్టి పూజ చేయాలని ఆడవాళ్ళంతా అనుకున్నారు. చేసుకోండి, కనీసం అరవకుండా ఉంటారు అనుకున్నాను.

మార్గశిర పున్నమి

ఈసారి పదకొండు. ఎర్రదీపం వెలిగినప్పుడల్లా వరసలోంచి ఒక ఏడుపు లేచింది. పడమటి వీధిలో మళ్ళీ ఒక్కటీ పోలేదు.

పూర్ణను అంజయ్య భుజం మీద వేసుకుని తెచ్చాడు. దగ్గు పట్టింది ఆ పిల్లకు. రాతిదగ్గు ఎలా ఉంటుందో విన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు, వినని వాళ్ళకు చెప్పలేను. డిస్కు మళ్ళీ పెట్టి చూశారు. చదవలేదు. అంజయ్య ఇమాంబీ నడుమున ఉన్న తాళంచెవి లాక్కున్నాడు.

“పై పున్నమి దాకా టైమిస్తన్నా. ఏం చేశావో చెప్పి బాగు చెయ్యి. లేకపోతే పుష్య పున్నమి పొద్దున గేటు దాటిస్తా.”

“నేనేం చెయ్యలేదన్నా. అల్లా మీద ఒట్టు.”

“నీ ఒట్లు నాకొద్దు. నా కూతుర్ని చూడు.”

గేటు అవతల బూడిదగాలిలో మనిషి ఒక పూట కూడా ఉండడు. ఇమాంబీని ఇంట్లో పెట్టి గుమ్మం దగ్గర కాపలా వేశారు. ఇకనుంచి పెట్టె అంజయ్యే తెరుస్తాడట. మందు రోజున మాత్రం ఆమెను కాపలాతో తీసుకొచ్చి పని చేయిస్తారట. మనిషి చెడ్డది, పని మాత్రం కావాలి.

మార్గశిర బహుళ తదియ

తెలిసింది. తెలియకపోతే బాగుండేది.

పూర్ణను చూడటానికి వెళ్ళాను. కోటమ్మ మడి దగ్గరకు పోయింది, పిల్ల ఒక్కతే పడుకుని ఉంది. ఊరికే కూర్చోలేక ఆమె డిస్కు తీసి దీపానికి అడ్డంగా పట్టాను. మెరుపు పూత ఉన్నచోట దీపపు చుక్క కనపడకూడదు. అంచు దగ్గర, వేలి కొస మేర, సూదితో పొడిచినట్టు వెలుతురు చుక్కలు గుంపుగా కనిపించాయి. ముఖం వైపు తిప్పాను. గీత లేదు. వీపు వైపు వేలితో తాకితే ఆ ఒక్కచోటే గరుగ్గా ఉంది.

“ఇక్కడేం పెట్టావే?”

“అదా? దసరాకి అమ్మ బొట్టు పెట్టిద్ది అత్తా.” దగ్గు ఆగేదాకా ఆగి మళ్ళీ చెప్పింది. “అందరిళ్ళల్లో పెడతారుగా. ముఖం ముట్టుకోవద్దని నువ్వే చెప్పావుగా. అందుకని వీపు మీద.”

“మరి నా కంట ఎప్పుడూ పళ్ళేదే?”

“నీ దగ్గరకి తెచ్చే ముందు తడిబట్టతో నానబెట్టి గోటితో గీకేస్తాం. మరక చూస్తే తిడతావుగా నువ్వు.” నన్ను మోసం చేసినందుకు దానికి నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. మంచినీళ్ళు పట్టించి వీపు రాశాను.

అక్కడి నుంచి పంపుల ముసలాయన ఇంటికి పోయాను. ఆయన డిస్కు మీదా అదే, ఇంకోచోట, వేలి కొసంత.

ముఖం వైపు దళసరి ప్లాస్టిక్ ఉంటుంది. గీత పడితే అరగదీసి బాగు చేయొచ్చు. వీపు వైపు ఉన్నది ఉల్లిపొరంత లక్క, దాని కిందే మెరుపు పూత. మెరిసేది ముఖం కదా అని అందరూ దాన్ని కంటికి రెప్పలా కాచారు. ప్రాణం ఉన్నది వీపు కింద. పైనుంచి వచ్చిన పాత కుంకుమ పొడిగా పెడితే రాలిపోయేది, ఏమీ చేసేది కాదు. కోటమ్మ కుంకుమలో సున్నం ఉంది. తడిపి పెడతారు, గట్టిగా అంటుకుంటుంది, గోటితో గీకుతారు, ఆ గీతల మీద మళ్ళీ తడి సున్నం పెడతారు. ఈ నెల భయం కొద్దీ వారం వారం పెడుతున్నారు. పడమటి వీధిలో ఎవరూ బొట్టు పెట్టరు. నేనూ పెట్టను.

కాపలావాడిని బతిమాలి ఇమాంబీ దగ్గరకు వెళ్ళి చెప్పాను. గోడకి ఆనుకుని కూర్చుంది. బతికిపోయానన్న సంతోషం కనిపిస్తుందని చూశాను.

“ఇప్పుడు చెప్పబాకక్కా” అంది.

“మతి పోయిందా నీకు?”

“పిల్ల ఊపిరి ఆడతన్నన్నాళ్ళు ఆ తల్లికి ఈ మాట చెప్పబాక. నీ వేలే నీ బిడ్డని తినేసిందని ఎట్టా చెప్తావు?”

“నిన్ను గేటు అవతలికి తోస్తారే!”

“పున్నమికి గదా. అప్పటికి...” అని ఆపేసింది. అప్పటికి పూర్ణ ఉండదని ఇద్దరికీ తెలుసు.

మార్గశిర బహుళ సప్తమి

కారణం చెప్పకుండా పని జరిపిద్దామనుకున్నాను. రేపు లక్ష్మివారం, డిస్కులకు బొట్లు పెట్టొద్దు, తడి తగలనివ్వొద్దు అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. ఎందుకని అడిగారు. నేను చెబుతున్నాను గనక అన్నాను. పూజ మానమని ఇమాంబీ చెప్పి పంపిందా అన్నారు. ఒకావిడ నా మొహం మీదే తలుపు వేసింది.

నా దగ్గర పాత పాటల డిస్కు ఒకటి ఉంటే నాలుగు రోజులుగా దాని మీద కుంకుమ పెడుతూ గీకుతూ ఉన్నాను. వెలుతురు చుక్కలు తేలాయి. అంజయ్యను పక్కకు పిలిచి చూపించాను. కోటమ్మ పేరు ఎత్తలేదు, సున్నం అని మాత్రం అన్నాను.

“తాతల నాటి పాటల డిస్కు, పోక ఏం చేసిద్ది?” అని చేతికిచ్చేశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇంట్లోంచి దగ్గు వినపడుతోంది. పాటల డిస్కు కొంగులో చుట్టుకుని వచ్చేశాను.

మార్గశిర బహుళ నవమి

నిన్న లక్ష్మివారం పూజలు ఘనంగా జరిగాయట. వీధి వెంట నడుస్తుంటే ప్రతి గుమ్మంలో పీట, పీట మీద డిస్కు, డిస్కు వీపు మీద ఎర్రటి తడి బొట్టు. నేను నోరు మూసుకున్నందుకు అందులో ఎన్ని పోతాయో. ఒక్క తల్లి మనసు కోసం ఇంతమందిని పణం పెడుతున్నాను. ఇది దయ కాదు, పిరికితనమేమో అనిపిస్తోంది. రేపు చెప్పేస్తాను.

మార్గశిర బహుళ దశమి

పూర్ణ పోయింది. పొద్దుటి గంటకు.

డిస్కు గుండెల మీద పెట్టి గేటు అవతలికి మోశారు. మోసే ముందు కోటమ్మ కూతురి నుదుట బొట్టు పెట్టింది. అదే వేలితో, అదే భరిణెలోంచి, డిస్కు వీపు మీదా పెట్టింది. నేను చూడలేక గోడ వైపు తిరిగాను.

మార్గశిర అమావాస్య

ఊరంతా పెద్ద గదిలో చేరింది. అంజయ్య చెప్పింది ఒక్కటే, పున్నమి పొద్దున ఇమాంబీని గేటు దాటిస్తామని. ఎవరూ వద్దనలేదు. ఇమాంబీ తల ఎత్తి నా వైపు చూసి, వద్దన్నట్టు తలాడించింది. పిల్ల పోయాక కూడా వద్దంటోంది! నాకు కోపం వచ్చింది. లేచాను.

“డిస్కుల్ని చంపింది ఇమాంబీ కాదు. సున్నం.”

అంతా చెప్పాను. ముఖమేదో వీపేదో, గోరు ఏం చేస్తుందో, తడి ఏం చేస్తుందో. “బొట్టు తప్పని నేను అనట్లా. పాత కుంకుమకి ఏం కాలేదు. ఇందులో సున్నముంది” అని మొత్తుకున్నాను. గదంతా గోలగోల. అమ్మవారి మీదకి తోస్తున్నావా అని ఒకరు, ఇమాంబీ నీకేం పెట్టిందని ఒకరు. పాటల డిస్కు చూపిస్తే విసిరికొట్టారు.

అప్పుడు కోటమ్మ లేచింది. జనం వాళ్ళంతట వాళ్ళే ఆగారు.

“నేను నూరిన కుంకుమేనా ఒదినా?”

దీనికి ఎన్నో జవాబులు మనసులో కూర్చుకుని వచ్చాను.

“నువ్వు నూరిందే.”

“నా వేలేనా?”

“అవును కోటమ్మా.”

ఏడవలేదు. అందరూ చూస్తుండగా బయటికి పోయింది. మళ్ళీ వచ్చినప్పుడు ఒక చేతిలో భరిణె, ఇంకో చేతిలో తన డిస్కు ఉన్నాయి.

“నాది మొన్న పున్నమికి చదివింది. దీపానికి పెట్టి చూడండి, చిల్లుందేమో.”

చేతులు మారుతూ గదంతా తిరిగింది. అంచులు పట్టుకోండి అని అప్పుడు కూడా అరిచాను. ఎక్కడా ఒక్క చుక్క లేదు. ఇంట్లో వాళ్ళందరివాటికీ పెట్టాక, తన వంతు వచ్చేసరికి డిస్కుని ఊరికే కళ్ళకద్దుకునేదట. తనకంటూ ఎప్పుడూ పెట్టుకోలేదట.

“రోజూ దీనికి బొట్టు పెడతా. రోజూ గీకుతా. మీ అందరి ముందరా. ఇమాంబీ గానీ ఒదిన గానీ దీన్ని ముట్టుకోకూడదు. తాళంచెవి మా ఆయన దగ్గరే ఉంటది, ఆయనే పెట్టెలో పెడతాడు. పున్నమి దాకా చూడండి.”

“నాది తీసుకో” అన్నాను. “నాకు వెనకాముందూ ఎవరూ లేరు.”

“నువ్వు ఇమాంబీ మనిషివని గదా వీళ్ళంటన్నది? నీది పోతే నమ్ముతారా?”

అంజయ్య ఆమె చెయ్యి పట్టుకుని, “వద్దే” అన్నాడు. మెల్లగా అన్నా గదంతా వినపడింది.

“అయితే ఇమాంబీని వదిలెయ్.”

ఆయన జనం వైపు చూశాడు. జనం ఆయన వైపు చూశారు. ఆమె చెయ్యి వదిలేశాడు.

పుష్య శుద్ధ చవితి

మందుల గది గుమ్మంలో పీట వేశారు. పొద్దున్నే కోటమ్మ వస్తుంది, తడిబట్ట వేసి నిన్నటి బొట్టు నానబెట్టి గోటితో గీకుతుంది, కొత్తది పెడుతుంది. అంజయ్య తీసుకెళ్ళి పెట్టెలో పెడతాడు. పచ్చదీపం. అందరూ గట్టిగా ఊపిరి వదులుతారు. అది ఇమాంబీ గేటు దాటడానికి ఒక అడుగు దగ్గరైందన్న సంగతి వాళ్ళకు పట్టదు. నాకు మాత్రం పచ్చదీపం చూస్తే ఒక ఏడుపు, ఎర్రదీపం తలుచుకుంటే ఒక ఏడుపు. ఎటు కోరుకోను?

పుష్య శుద్ధ దశమి

ఈ రోజు అంజయ్య డిస్కుని దీపానికి పెట్టి చూసి, చటుక్కున దించేశాడు. జనం చూపించమన్నారు. చూపించాడు. బొట్టు పెట్టినచోట ఒకే ఒక్క వెలుతురు చుక్క. పెద్ద గదిలో నా మొహం మీద ఉమ్మినంత పని చేసినవాళ్ళు కూడా తలలు దించుకున్నారు.

“చాలు. నేను నమ్మా. ఆపెయ్యే” అన్నాడు అంజయ్య.

“పెట్టె ఇంకా చదవతానే ఉందిగా?” అని వెనక ఎవరో గొణిగారు.

కోటమ్మ భర్త వైపు చూసింది. “ఇన్నావుగా? నువ్వొక్కడివి నమ్మితే చాలదు. రేపు నీ కళ్ళు గప్పి ఇంకో ఆడమనిషి దాచుకుని పెట్టిద్ది. నేను పెట్టలా?” అని భరిణె మూత తీసింది.

ఆ గొణిగినవాడు ఎవడో నాకు తెలుసు. పేరు రాయను. వాడి డిస్కు మీద వచ్చే ఏడు కూడా నేనే పేరు రాయాలి.

పుష్య శుద్ధ చతుర్దశి

ఎర్రదీపం.

అరుపుల్లేవు, ఏడుపుల్లేవు. అంజయ్య డిస్కు బయటికి తీసి నేల మీద చతికిలబడ్డాడు. పైపంచెతో దాన్ని తుడవడం మొదలుపెట్టాడు, మెరిసే వైపు. అంత చూశాక కూడా మెరిసే వైపే తుడుస్తున్నాడు. ఆపమని చెప్పబోయి ఊరుకున్నాను. ఇక ఏ వైపు తుడిచినా ఒకటే.

ఇమాంబీ కాపలా తీసేశారు. ఇంటి మనుషుల దగ్గర కూడా నిలబడకుండా తిన్నగా గదిలోకి పరిగెత్తుకొచ్చింది. అంజయ్య చేతిలోంచి డిస్కు తీసుకుని పెట్టెలో పెట్టింది. కన్ను తుడిచి పెట్టింది. చక్రం మెల్లగా తిప్పి పెట్టింది. నేను భుజం పట్టి లాగేదాకా పెడుతూనే ఉంది. “నా కోసం ఎందుకు చేశావక్కా?” అని కోటమ్మను పట్టుకుని ఏడ్చింది.

“నీ కోసమేం కాదులే” అంది కోటమ్మ. “నాకు తెలియాలిగా.”

పుష్య పున్నమి

మందు రోజు. నేను నోరు మూసుకున్న ఆ లక్ష్మివారం పెట్టిన బొట్లవి ఇంకో ఆరు చదవలేదు. ఆ ఆరుగురూ నా ముందు నుంచే వెళ్ళారు. ఆ వారం నేను చెప్పి ఉంటే కొన్నయినా మిగిలేవి. ఎవరూ నన్ను ఏమీ అనలేదు, ఎవరికీ ఆ సంగతి తట్టలేదు. నేనే చెప్పాను. ఒకాయన నా కాళ్ళ దగ్గర ఉమ్మి వెళ్ళాడు. వెళ్ళనీ.

కోటమ్మ వరసలో నిలబడలేదు. గుమ్మం పక్కన నిలబడి, ఎవరికి పచ్చదీపం వెలిగిందో ఎవరికి ఎర్రది వెలిగిందో చివరిదాకా చూసి వెళ్ళింది. ఇమాంబీ మందు పోస్తున్నంతసేపూ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

పుష్య బహుళ ద్వాదశి

మిగిలిన డిస్కులన్నిటి మీదా ఉన్న పాత బొట్లు తీసే పని పెట్టుకున్నాం. గోరు తగలకూడదు. కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి, పిండి, బొట్టు మీద ఊరికే ఆనించి ఉంచాలి. దానంతట అది వదిలితే ఎత్తాలి, వదలకపోతే మళ్ళీ ఆనించాలి. రుద్దకూడదు. చివర పొడి దూదితో అద్ది, నీడలో నిలబెట్టాలి. ఓపిక కావాలి, నాకు లేదు. రెండో రోజుకే విసుక్కుంటున్నాను.

కోటమ్మ పిలవకుండా వచ్చి పక్కన కూర్చుంది. ఒకసారి ఎలాగో చూపించాను, రెండోసారి చూపించాల్సిన పని లేకపోయింది. ఆ చేతికి ఉన్న నేర్పు నా చేతికి ఎన్నడూ రాలేదు. అంజయ్య వచ్చి ఇంటికి రమ్మని పిలిచాడు. వస్తాలే పో అంది. ఆయన పోలేదు, గుమ్మంలో కూర్చుని నీళ్ళు కాచి ఇస్తున్నాడు.

పని చూసుకుంటూనే అడిగాను. “పడుకోరాదా కోటమ్మా?”

“పడుకుంటే దగ్గు ఎక్కువైతంది ఒదినా” అంది.

ఇంకా చాలా డిస్కులున్నాయి. నేను ఒకటి చేసేలోపు ఆమె రెండు చేస్తోంది. దగ్గు తెర వచ్చినప్పుడల్లా డిస్కుని దూరంగా పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుంటోంది, దాని వీపు మీద తుంపర పడకుండా.